దువ్వెన గుర్తు

“జానీబీ గారూ, ఈ చేప బొమ్మ ఎవరిదండీ?”

ఆ ‘గారు’ విని కోల్డ్ స్టోరేజీలో హమాలీలంతా నవ్వారు. పధ్నాలుగేళ్లలో ఆవిణ్ణి అలా పిలిచినవాడు లేడు మరి.

“చేప సత్తెనపల్లి రైతులదయ్యా. నిచ్చెన వినుకొండోళ్లది. కొండెక్కాలిగా,” అంది జానీబీ.

ఎనభై ఏడు వేసవి అది. గుంటూరులో మిరప టిక్కీలు, అంటే మిరపకాయలు కుక్కిన బస్తాలు, లారీలకు లారీలు దిగుతున్న రోజులు. ప్రతి టిక్కీ మీదా నీలిరంగుతో బొమ్మ వేసి, ఏ గదిలో ఏ వరసకు పోవాలో చెప్పటం జానీబీ పని. ఆవిడకు అక్షరం ముక్క రాదు. అయినా ఎనిమిది నెలల తరువాత రైతు వచ్చి నా సరుకేదంటే, ఆ చలిగదిలోకి వెళ్లి సరిగ్గా అతని టిక్కీ మీదే చెయ్యి వేసేది.

ఆ కొత్త మనిషి పేరు అనంతపద్మనాభం. బక్కపలచగా ఉంటాడు. పక్కనే బస్తా మీద కూర్చుని, ఆవిడ ఏం చేస్తే అది బొమ్మలతో సహా నోటుపుస్తకంలో రాసుకునేవాడు. ఎందుకని హమాలీల మేస్త్రీ చలమయ్య అడిగితే, “యజమానిగారు పని చూసి రమ్మన్నారండి,” అన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

“నెలవంక పక్కన తేలు వేశారేంటండీ?”

“నెలవంకంటే రెండో గది. తేలంటే కారం ఎక్కువ రకం.”

“పొరపాటున వేరే బొమ్మ పడితే?”

“తడిగుడ్డతో తుడిచి మళ్లీ వేస్తా. బస్తా ఏమన్నా తిడతదా?”

అతను నవ్వి అదీ రాసుకున్నాడు. “మీకంటూ ఒక గుర్తుందా?”

జానీబీ తన అన్నం గిన్నె మూత చూపించింది. దాని మీద దువ్వెన బొమ్మ ఉంది.

“మా అమ్మ వీధులెంట తిరిగి దువ్వెనలు అమ్మేది,” అంది.

తన పని గురించి ఇంత శ్రద్ధగా అడిగిన మనిషిని ఆవిడ ఎన్నడూ చూడలేదు. సంతోషమేసింది. మర్నాటి నుంచి గోంగూర పచ్చడన్నం అతనికి కూడా తెచ్చింది.

పన్నెండో రోజున చలమయ్య పరుగున వచ్చాడు.

“కొంప మునిగింది జానీబీ. కంప్యూటరంట. అదొస్తే నీతో పనుండదంట. తెచ్చేది ఆ పద్మనాభమేనంట.”

జానీబీ చేతిలో కుంచె ఆగిపోయింది. నేరుగా వెళ్లి అతని ఎదురుగా నిలబడింది.

“కంప్యూటరు తెచ్చేది నువ్వేనా?”

“నేనేనండి. కానీ...”

ఆ ‘కానీ’ తరువాత మాట వినేదెవరు? నాలుగేళ్ల క్రితం దారపు మిల్లుకి కూడా ఇలాగే ఒకడు పుస్తకం పట్టుకుని వచ్చాడు. వాడు వెళ్లిన నెలకు నలభైమంది రోడ్డున పడ్డారు. వాళ్లలో చలమయ్య తమ్ముడూ ఉన్నాడు.

“తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడివా నువ్వు? నా చేతి ముద్ద తిని నా పొట్టే కొడతావా?” జానీబీ చెయ్యి చాపింది. “నా బొమ్మలు నాకిచ్చెయ్.”

అతను పుస్తకంలోంచి ఆ కాగితాలు చింపి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ వాటిని ముక్కలు చేసి రంగు డబ్బాలో ముంచేసింది.

హమాలీలు పని ఆపేశారు. గేటు బయట ఎండలో లారీలు బారులు తీరాయి. యజమాని సంజీవరావు గంటసేపు ఓపిక పట్టాడు.

“పద్మనాభం గారూ, సీజన్లో నాకీ తలనొప్పి వద్దండి. మీరు వెళ్లిపోండి.”

“ఒక్క వారం ఆగండి. ఆవిడకి ఒకటి చూపించాలి.”

“ఏం చూపిస్తావయ్యా, గేటా?” అన్నాడు చలమయ్య.

అందరూ నవ్వారు. జానీబీ కూడా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూనే.

మరుసటేడు సంజీవరావు ఎవరినీ అడగలేదు. మద్రాసు నుంచి మనుషులొచ్చి అద్దాల గది కట్టి, కంప్యూటరు పెట్టి, దాని ముందు ఇంగ్లీషు టైపిస్టును కూర్చోబెట్టి వెళ్లారు. వాళ్లలో ఒక్కరు కూడా చలిగదుల్లోకి తొంగి చూడలేదు.

“ఇక బొమ్మలొద్దు జానీబీ. అంతా అంకెలే,” అన్నాడు సంజీవరావు. “రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు.”

“ఇదంతా ఆ పద్మనాభం పెట్టిన చిచ్చు. అల్లా చూస్తున్నాడు, వాడు బాగుపడడు,” అంది జానీబీ. ఏడాదిగా అంటున్న మాటే అది.

తన కుంచెలు తెచ్చుకుందామని పాత కాటాల గదిలోకి వెళ్లింది. చలమయ్య వెంట వచ్చాడు. విరిగిన కాటా వెనక గోనెగుడ్డ చుట్టిన మూట ఒకటి కనిపించింది. దాని మీద నీలిరంగుతో దువ్వెన వేసి ఉంది.

“ఇది నా గుర్తు. ఇక్కడెవరు పెట్టారు?”

చలమయ్య తల వంచుకున్నాడు.

“నిరుడు వెళ్లిపోయిన వారానికి ఆ పద్మనాభమే వచ్చి గేటు దగ్గర నా చేతికిచ్చి పోయాడు, నీకివ్వమని. మళ్లీ నిన్ను మాయ చేస్తాడని నేనే ఇక్కడ పడేశా.”

“నాకు చెప్పకుండానా?”

చలమయ్య మూట తీసి ఆవిడ చేతికిచ్చాడు.

జానీబీ ముడి విప్పింది. లోపల ఒక పలక, దాని నిండా బటన్లు. అద్దాల గదిలో టైపిస్టు వేళ్లు ఆడించేదీ ఇలాంటి దాని మీదే. కాకపోతే దీని మీద ఇంగ్లీషు అక్షరం ఒక్కటీ లేదు.

“మనకెందుకులే, ఇట్టాంటివి చదవటం మనకొచ్చా పాడా,” అన్నాడు చలమయ్య.

జానీబీ ఒక్కో బటన్ మీద వేలు పెడుతూ పైకే చదివింది: నెలవంక, చేప, నిచ్చెన, తేలు, తడిగుడ్డ, చివర అన్నిటికంటే పెద్ద బటన్ మీద దువ్వెన.