మాటలు మింగిన ఫోను

"దొంగ దొరకాలె కోడలా! దొరికితె తోలు తీస్త!"

ఒంటి మీద తడిబట్టలు ఇంకా ఆరనే లేదు, కాశయ్య ఇబ్రహీంపట్నం చెరువుకట్ట మీద చిందులు తొక్కుతున్నాడు. గంట కిందట చెరువు నడుమ అతని తెప్ప రెండు ముక్కలైంది. అక్కడ సిగ్నల్ అందదు. సగం తెప్పను కావలించుకుని, మెడలో కవరులో ఉన్న ఫోన్‌లోకి ఒక కేక పెట్టాడు. ఆ కేక ఒకరి ఫోన్ నుంచి ఇంకొకరి ఫోన్‌కు దూకుతూ అవతలి గట్టున ఉన్న తమ్ముడు నారయ్యకు చేరింది. నారయ్య వచ్చి జుట్టు పట్టి లాగకపోతే ఈపాటికి చేపలకు మేత అయ్యేవాడు.

సిగ్నల్ లేకున్నా ఊళ్లోవాళ్ల ఫోన్లే మాటను ఒకదాని నుంచి ఒకటి అందుకుని ముందుకు పంపే ఈ ఏర్పాటంతా కాశయ్య చెల్లెలి కూతురు అనురాధ చేసిపెట్టిందే. ఆదిభట్లలో ఆమెకు కంప్యూటర్ కొలువు.

"కేక చేరింది గద మామా, ఇంక లొల్లేంది?"

"గిది చేరింది. పోయిన నెల నారిగానికి పంపిన మూడు మాటలు చేరలేదని ఎర్రగ సూపిస్తలేదా? నడుమ ఎవడో మింగుతున్నడు. ఇయ్యాల గిది గూడ మింగితె నేనేంగావాలె?"

అదీ నిజమే. అనురాధ ల్యాప్‌టాప్ తెరిచింది.

"ఇగ ప్రతి మాటకు తాళమేస్త మామా. నడుమోళ్లకు వినరాదు. మూడు దార్లల్ల పోతది, ఒకరు మింగినా ఇంకో దారిల చేరుతది. ఇది నొక్కితె ఆగిన పాతయి గూడ నారయ్య మామకు పోతయ్."

"మరింకేంది, నొక్కు!"

"ఇంతకు ఏం పంపినవ్?"

"యాదికుంటదా? కల్లు తాగిన పొద్దాయె."

అనురాధకు అనుమానం వచ్చింది. నొక్కేముందు మొదటిది వినిపించింది.

"నారిగా! ఇయ్యాల్టి సంది నువ్వు నా తమ్మునివే కాదు. నేను సచ్చినా నా దిక్కు రాకు!"

గొంతు కాశయ్యదే. అవతల నారయ్య మోకాళ్ల లోతు నీళ్లలో అన్న తెప్ప ముక్కలు ఏరుతున్నాడు.

"ఆగు! చెయ్యి తియ్యి! నీ బాంచెన్ తల్లీ, తుడిచెయ్!"

మూడూ తుడిచేసింది. కాశయ్యకు ప్రాణం లేచొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గా దొంగెవరో గని, వాని కడుపు సల్లగుండ. గీ మాట చేరుంటె నారిగాడు వస్తుండెనా?"

ఆ మూడూ ఎవరి ఫోన్‌లో ఆగాయో తెర మీద చూసి అనురాధ నాలుక కరుచుకుంది. "మామా... గది మా అమ్మ ఫోన్."

పక్కనే చేపల పొలుసు గీకుతున్న ఆమె తల్లి మైసమ్మ తలెత్తలేదు. "కాపాడుమన్న కేక పోనిచ్చిన. కయ్యం కూతలు పోనియ్యలే. మీ ఇద్దరి నడుమ పుట్టినంక గీ పని ఎవరు చేస్తరు?"

కాశయ్య ఆమె పొలుసంటిన చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"నీ రునం తీరదు చెల్లే. కోడలా, కాపాడుమన్న మాటకు తాళమెయ్. తక్కినయన్ని మీ అమ్మ ఫోన్ మీదికెల్లే పోనియ్. తప్పంత నా నోటిదే. పాపం, నారిగాడు దేవుడు. నన్ను ఒక్క మాటన్న అనలే."

మైసమ్మ చేతులు తుడుచుకుని తన ఫోన్ తీసి అన్న ఒళ్లో పెట్టింది.

"నువ్వు పంపినయ్ మూడే అన్నా. వాడు నీకు పంపితె నేనాపినయ్ ఏడు."