సన్నటి తెల్ల గీత

“కోసెయ్యడమే! ఇందులో చర్చేముంది?” అంటూ కత్తి మాస్టారు కుర్చీలోంచి లేవబోయాడు.

ఆ సర్జన్‌గారిని ఆసుపత్రిలో అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. లైట్లు తగ్గించిన గదిలో, తెర మీద ఎవరిదో కంటి ఎమ్మారై ఉంది. కంటిగుడ్డు వెనక, చూపు నరాన్ని పట్టుకుని బఠాణీ గింజంత గడ్డ. పేషెంటు పేరున్న చోట ఎప్పటిలాగే కాగితం అంటించారు. అది మాస్టారు పెట్టిన రూలే. పేరు తెలిస్తే జాలి పుడుతుందని, జాలి పుడితే చెయ్యి వణుకుతుందని ఆయన భయం.

“గడ్డ నరంలోనే పుట్టింది. నరంతో సహా తీసేస్తాను. ప్రాణానికి ఢోకా లేదు. ఒక కన్ను పోతేనేం, రెండోది ఉందిగా!”

“వద్దు సార్!”

స్కాన్లు చదివే డాక్టరమ్మ అడ్డుపడింది. ఆరేళ్లలో ఆమె ఆయనకి ఎదురుచెప్పడం ఇదే మొదటిసారి.

“ఇది పాత స్కాన్. కంటి వెనకున్న కొవ్వు తెల్లగా మెరిసి మనల్ని బోల్తా కొట్టించింది. ఆ తెలుపు అడ్డు రాకుండా, పలచటి ముక్కలుగా మళ్లీ తీయించాను. ఐదు నిమిషాలు కూర్చోండి.”

“ఐదంటే ఐదే.”

ఆమె కొత్త స్కాన్ పెట్టి, ముక్కు తెరకి తగిలేంతగా వంగి, మెడ ఓ పక్కకి తిప్పి, ఒక్కో చిత్రమే జరుపుతోంది.

“ఏంటమ్మా, కోడి గింజని చూసినట్టు ఆ చూపు? మెడ పట్టేసిందా?” పక్కనే కూర్చున్న మత్తు డాక్టరు నవ్వాడు.

“అలవాటైపోయింది లెండి” అంటూనే గబుక్కున తెర మీద వేలు పెట్టింది. “ఇదిగో! చూడండి సార్!”

మాస్టారు విసుగ్గా వంగాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ వంగాడు. గడ్డకీ నరానికీ మధ్య వెంట్రుకంత తెల్ల గీత. తర్వాతి చిత్రంలోనూ ఉంది. ఆ తర్వాతి దాంట్లోనూ ఉంది. చివరిదాకా ఉంది!

“ఓరి నాయనో! అంటుకోలేదు! పక్కన పుట్టి నరాన్ని నొక్కుతోందంతే!”

ఆయనకి కాలు ఒకచోట నిలవలేదు. ముప్పై ఏళ్ల సర్వీసు ఎటు పోయిందో, చిన్నపిల్లాడైపోయాడు.

“పైనుంచి వద్దు, కణత పక్క ఎముక తీసి దిగుదాం. గడ్డ బయటివైపు, నరం లోపలివైపు. కత్తి నరానికి తగలనే తగలదు! ఇప్పుడు చూపెంత ఉంది?”

“నీడలు తెలుస్తున్నాయి సార్. ఇంకో నెల ఆగితే అవీ ఉండవు.”

“నెలెందుకు? రేపొద్దున మొదటి కేసు ఇదే! మత్తు డాక్టరూ, రేపు గానీ ఆలస్యంగా వచ్చారో, ఊరుకునేది లేదు!” అని ఆమె వైపు తిరిగాడు. “భలే పట్టావమ్మా! అంత సన్న గీత నా రెండు కళ్లకీ ఆనలేదు. పేషెంటుని పిలిపించు, ఈ మాట నేనే చెప్తాను.”

ఆమె ఎవర్నీ పిలవలేదు. గోటితో మెల్లగా తెర మీది కాగితం ఊడదీసింది.

మాస్టారు ఆ పేరు చదివాడు. మళ్లీ చదివాడు. తలెత్తి ఆమె కళ్లకేసి చూశాడు.

“నేను ఒక్క కంటితోనే పట్టాను సార్,” అందామె, “రెండోది రేపు మీరు ఇప్పించాలి.”