పొగ కారని డ్రమ్ము

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే, నిద్రలో బుడ్డోడి ఊపిరి ఆగిపోతుందేమోనని. వాడు దగ్గితే గుండె జారిపోతుంది. దగ్గకపోతే ఇంకా భయం. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటుంది.

అందుకే ఆ ఉదయం సంచి భుజాన తగిలించుకుని, పిల్లవాణ్ణి చంకనేసుకుని పెరటి గుమ్మంలో నిలబడింది.

"ఇంట్లో ఆ డ్రమ్మన్నా ఉండాలి, మేమన్నా ఉండాలి. తేల్చండి."

భర్త తలెత్తలేదు. పాత నూనె డ్రమ్ముతో తనే చేసుకున్న పొగపొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. దాని అడుగున బొగ్గులూ, పొగకి చెక్కముక్కలూ వేసి, పైన జాలీ మీద కోళ్లు పెట్టాలి. పూటంతా సన్నటి పొగలో మగ్గాలి. మర్నాటికి హోటలుకు పన్నెండు కోళ్లు ఇవ్వాలి. ఇవి నచ్చితే వారం వారం తీసుకుంటామన్నారు.

"డ్రమ్ము ఏం పాపం చేసిందే? సందులున్నాయి, అంతే. మూసేస్తా."

"వెల్డింగువాడు రానన్నాడుగా?"

"వాడెందుకు? నట్లూ బోల్టులూ చాలు. అలా నిలబడి సణిగే బదులు పొగ ఎక్కడ కారుతోందో చూపించు. నీది మామూలు ముక్కా!"

డ్రమ్ములో చిత్తుకాగితాలు వెలిగించి మూత పెట్టాడు. ఆమె కోపంగానే సుద్దముక్క అందుకుంది. పొగ కారిన చోటల్లా ఒక సున్నా చుట్టింది. మొత్తం పదకొండు.

అతను మూత అంచు చుట్టూ వేడికి కాలని నారతాడు జిగురుతో అతికించాడు. పాత ట్రంకుపెట్టె గొళ్లేలు రెండు ఊడదీసి, మూత బిగుసుకునేలా బోల్టులతో బిగించాడు. గాలి దూరే రంధ్రంలో ఇనుప గొట్టం ముక్క పెట్టి, లోపలొక నట్టు, బయటొక నట్టు వేసి, చివర కుళాయి తగిలించాడు. తిప్పితే గాలి, కట్టేస్తే లేదు. మళ్లీ కాగితాలు అంటించాడు.

"ఇదిగో, ఇక్కడ ఇంకా కారుతోంది," అందామె.

అక్కడా ఒక వాషరు వేశాడు. ఆమె డ్రమ్ము చుట్టూ ముక్కు పెట్టి తిరిగింది. పై గొట్టంలోంచి తప్ప ఎక్కడా పొగ లేదు.

"ఇప్పుడుంటావా?"

"వీడి దగ్గు తగ్గేదాకా అక్క దగ్గరుంటాను. మీ కోళ్ల గొడవ అయ్యాక వస్తాలెండి."

అక్క ఇంటికి బస్సులో రెండు గంటలు. మధ్యాహ్నం దాటాక అక్కడికి అతని ఫోను వచ్చింది.

"ఏమే, ఇక్కడ వాన దంచేస్తోంది. చెక్కముక్కలు కాలిపోయాయి, ఇక ఉత్త నిప్పులే. పై గొట్టంలోంచి కూడా పొగ రావట్లేదు. ఇంకో మూడు గంటలు మగ్గాలి. ఈలోపు డ్రమ్ము చల్లారిపోయేలా ఉంది."

ఆ వానలో గొడుగు పట్టుకుని నిలబడ్డ మనిషి కళ్లముందు మెదిలాడు. ఆమెకు జాలేసింది.

"పొగే లేనప్పుడు బయటెందుకండీ తడవడం? గదిలోకి లాక్కోండి. జల్లు కొట్టకుండా కిటికీ వేసుకోండి."

"డ్రమ్ముకి ఇంట్లో చోటిచ్చావా? కాగితం మీద రాసివ్వు, తల్లీ!"

"ఇచ్చింది కోళ్లకి. మీకు కాదు."

గంట పోయాక ఆమే ఫోను చేస్తే అతను ఆవలిస్తూ ఎత్తాడు.

"గదంతా వెచ్చగా హాయిగా ఉందే. నీ ముక్కుకి కూడా వాసన దొరకదు. కాస్త తల పట్టేసింది. పొద్దున్నుంచీ వంగే ఉన్నానుగా. నిద్ర ముంచుకొస్తోంది."

"కాసేపు పడుకోండి. నేను లేపుతాలెండి."

సాయంత్రం బావ పని నుంచి వచ్చాడు. ఇళ్లలో గ్యాసు గీజర్లు బిగించే పని ఆయనది. ఆమె ఉండబట్టలేక భర్త పనితనం మొత్తం ఏకరువు పెట్టింది. బావ నవ్వుతూ విన్నాడు.

"గట్టివాడే! ఇంతకీ వానలో ఆ డ్రమ్ము ఎక్కడ పెట్టాడు?"

"గదిలో. నేనే పెట్టుకోమన్నాను బావా."

"కిటికీ?"

"వేసే ఉంది."

బావ మొహంలో నవ్వు పోయింది. "తలనొప్పన్నాడా?"

"అవును. మీకెలా తెలుసు?"

"పొగైతే దగ్గొచ్చి లేచేవాడమ్మా. బొగ్గు నిప్పుల విషగాలికి రంగుండదు, వాసనుండదు. ముందు తలనొప్పి, తర్వాత నిద్ర..."

ఆమె ఫోను చేసింది. మోగింది. మళ్లీ చేసింది. మోగుతూనే ఉంది. ఆ వీధిలోకి వచ్చి నెలయింది, ఒక్క పక్కింటివాళ్ల నంబరైనా ఆమె దగ్గర లేదు. బావ స్కూటరు తీశాడు. రెండు గంటల దారి, పైగా వాన.

పడుకోమన్నది ఆమే. ఇది చదువుతున్న మీలో ఎవరైనా ఆ ఇంటి చుట్టుపక్కల ఉంటే ఒక్కసారి వెళ్లి చూడండి. సందు చివర పచ్చ తలుపు. గట్టిగా తట్టండి. పలక్కపోతే పగలగొట్టండి.