పాత సర్వరు ఆపిన రోజు

"నొక్కేయమంటారా మేడమ్?" కొత్తగా చేరిన ఇంజనీరు వేలు కీబోర్డు మీదే ఉంచి అడిగింది.

బృందానికి పెద్ద అయిన ఆమె తలెత్తి చూసింది. అద్దం తలుపు అవతల, చల్లటి సర్వర్ గదిలో, స్వెటరు వేసుకున్న మనిషి పాత సర్వరు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. స్టోరేజీ విభాగానికి పెద్ద. ఆ సర్వరును దగ్గరుండి నిలబెట్టినవాడు. ఆమెకు భర్త.

సంస్థలో అందరూ రాసే కోడు, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో ఆ చరిత్రతో సహా, ఇన్నేళ్లుగా ఆ ఒక్క సర్వరులోనే పేరుకుపోయింది. పొద్దున్నే వేలమంది ఒక్కసారిగా తాజా కోడు అడిగేసరికి దానికి ఊపిరాడేది కాదు. ఆమె బృందం దాన్నంతా ముక్కలు చేసి చాలా సర్వర్లకు పంచింది. ఇక మీదట పనికి కావలసినంతే ముందు వస్తుంది. పాత చరిత్ర అడిగితేనే వస్తుంది. ఇది గనక బెడిసికొడితే పని బయటివాళ్లకు అప్పగించి బృందాన్నే ఎత్తేస్తామని యాజమాన్యం మొహం మీదే చెప్పింది.

అద్దం వెనకనుంచి అతను తలూపాడు.

"నొక్కు," అంది ఆమె.

మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టేలోపు కోడు కొత్త సర్వర్లనుంచి కంప్యూటర్లోకి దిగిపోయింది. గదంతా చప్పట్లు. అతను మాత్రం పాత సర్వరు స్విచ్చి ఆపి, దాని మీద ఓసారి చెయ్యి వేసి, బయటికొచ్చాడు.

"కాంటీనుకు వెళ్దాం పద."

కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉంది. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో పొద్దుటిపూట అక్కడ చోటు దొరకడమే గగనం. కోడు దిగేదాకా చేసే పనేమీ లేక అందరూ కాఫీ కప్పులతో అక్కడే చేరేవారు. అతను సర్వర్ గదిలోంచి స్వెటరుతోనే పరుగెత్తుకొచ్చి, "ఇంకాస్త ఓపిక పట్టండి, వచ్చేస్తుంది" అంటూ, ఇంటికొచ్చిన చుట్టాలకు వంట ఆలస్యమైనట్టు నొచ్చుకునేవాడు. ఆమె కుర్చీ దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు నొచ్చుకునేవాడు. అలా అలా కబుర్లు పెరిగి, ఆ బల్ల దగ్గరే పెళ్లిమాట కూడా అయిపోయింది.

"బాధగా ఉందా?" అడిగింది.

"సర్వరు పోయినందుకు కాదులే." అతను కప్పు అటూ ఇటూ తిప్పాడు. "నువ్వు ఇప్పుడు చేసింది నేను అప్పుడే చేసి ఉండాల్సింది. రోజూ నిన్ను ఇక్కడ ఊరికే కూర్చోబెట్టాను. కాంటీనులోనే కాపురం పెట్టేశావని మీ మేనేజరు నీకు అక్షింతలు వేసేవాడు కూడా. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది."

"నేనెప్పుడైనా విసుక్కున్నానా?"

"అదే కదా. మిగతావాళ్లు నా మీద ఇంతెత్తున లేచేవారు. నువ్వొక్కదానివే, 'పర్లేదండీ, నెమ్మదిగానే రానివ్వండి' అనేదానివి. అంత ఓపిక నీకెక్కణ్ణుంచి వచ్చిందో."

ఆమె ఏదో చెప్పబోయి, నవ్వాపుకుని, అతని స్వెటరు భుజం మీది దుమ్ము దులిపింది.

"ఏంటి?" అన్నాడు.

"ఏం లేదు. కాఫీ చల్లారిపోతోంది, తాగు."

ఆ రోజుల్లో ఆమెకు కావలసిన కోడు ముందురోజు సాయంత్రమే ఆమె కంప్యూటర్లోకి దిగిపోయి ఉండేది.