తోడు

“అడిగినవాళ్లకల్లా పోసేది కాదవ్వా ఇది!” దోషిక్ గొంతు పెంచాడు.

నెలల ముందే చోటు చెప్పుకుని సియోల్ నుంచి ఈ కొండపల్లెకి విందుకొచ్చినవాళ్లకి తన హోటలు చరిత్ర చెబుతున్నాడతను. అప్పుడే పొరుగింటి ఒక్‌బూన్ అవ్వ ఖాళీ గిన్నెతో వచ్చింది. వాళ్ల జాడీలో ఏళ్లుగా ఊరుతున్న సోయా రసం ఈ ఏడు బూజుపట్టిందట. కొత్తదానిలో తోడు వేయడానికి వీళ్ల పాతది ఓ గరిటెడు కావాలట.

“యుద్ధంలో మా నాయనమ్మ ఈ జాడీని నెత్తిన పెట్టుకుని పరిగెత్తింది. ఇది మా వంశం రుచి, గడప దాటదు. అవునా అవ్వా?”

అవ్వ అతిథుల వంక చూసింది. “అవును నాయనా,” అని వెనుదిరిగింది.

వంటింట్లో తల్లి దోషిక్ చెయ్యి పట్టుకుంది. “ఆ జాడీ వాగు దాటుతుంటే పగిలిపోయిందిరా. తిరిగొచ్చాక మనకి తోడు పోసింది ఈ ఒక్‌బూన్ అవ్వ అత్తగారే.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“నీ కథకి అందరూ చప్పట్లు కొడుతుంటే ఎలా చెప్పేది?”

దోషిక్‌కి తల కొట్టేసినట్టయింది. పెద్ద గిన్నె నిండా రసం ముంచుకుని, అతిథుల మధ్య నుంచే అవ్వ ఇంటికి పరుగెత్తాడు.

అవ్వ వేలు ముంచి నాలిక్కి రాసుకుంది.

“మా అత్త చేతి రుచే! చెడకుండా కాపాడావు. నీ కడుపు చల్లగుండ, నాయనా.”