ధర్మాసుపత్రి

నా కొంప ముంచినవాడు ఇన్సూరెన్సు ఏజెంటు గోవర్ధనరావు. ఆపదలో కంపెనీ ఆదుకుంటుందని నాలుగేళ్లపాటు నా చేత ప్రీమియం కట్టించాడు. ఆ ధీమాతోనే, కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న నా భార్య కోటేశ్వరమ్మను బందరులో ప్రైవేటు డాక్టరు దగ్గర చేర్చి, గోవర్ధనరావుకు కబురంపాను.

"ఆపరేషనుకు డబ్బిప్పించవయ్యా," అన్నాను రాగానే.

"అదేంటి బావా! పాలసీ నీ ప్రాణం మీద గదా. నువ్వు పోతే అక్కయ్యకిస్తారు. అక్కయ్య జబ్బుకు ఎవరిస్తారు?"

"అయితే ఇప్పుడు నేను చావాలా?"

"అబ్బే, అంత మాటెందుకు బావా!"

బల్ల మీద నుంచి కోటేశ్వరమ్మ మూలిగింది. "పొద్దున్నే చెప్పాను, సర్కారు ధర్మాసుపత్రికి పోదామని."

"ధర్మానికి పోయే కొంపా మనది? ఊళ్లో తలెత్తుకు తిరగాలా వద్దా?"

"ధర్మం ఎవరు చేస్తున్నారండీ? ఏటేటా మీరు కట్టే శిస్తులోంచే గదా అక్కడి మందులు!"

శిస్తు కట్టి హక్కున్న చోటికి వెళ్లడానికి సిగ్గుపడి, ఏ హక్కూ లేని చోట దేబిరిస్తున్నాను.

"రిక్షా పిలుస్తాను, లే," అన్నాను.

డాక్టరు అడ్డం వచ్చాడు. "ఇప్పుడు కుదుపు తగిలితే లోపల పేగు పగులుతుందండీ. కదపడానికి వీల్లేదు. డబ్బు సంగతి తేల్చండి."

గోవర్ధనరావు నా చెవి దగ్గరికి వంగాడు. "కాలవ పక్క నీ పొలం చెక్క మీద మా మావయ్యకు ఎప్పట్నుంచో మనసుంది బావా."

కోటేశ్వరమ్మ బతికింది. బంటుమిల్లి కాలవ పక్క ఎకరం పదిహేను సెంట్లు పోయాయి.