డాల్ఫినా, థునారా?

"డాల్ఫిన్ తీసేసిందెవడ్రా?"

డేవిడ్‌సన్ కేక బేస్‌మెంట్ దాటి రోడ్డు దాకా వినిపించింది. కెనడాలోని కిచెనర్‌లో ఆదివారం మధ్యాహ్నం అంత గట్టిగా అరిచేది మనవాళ్ళే అయ్యుండాలి.

"నేనే. థునార్ పెట్టా. ఏం?" అన్నాడు కాలేబు, మంచం మీంచి లేవకుండా.

ఇద్దరిదీ బాపట్ల. ఒకే కాలేజీ. ఇద్దరికీ కలిపి ఒకటే కంప్యూటర్. పాతది కొని, అందులో లినక్స్ ఎక్కించుకున్నారు. ఫోల్డర్ మీద నొక్కితే అది ఏ ప్రోగ్రామ్‌లో తెరుచుకోవాలన్నది వచ్చినప్పటి నుంచీ తెగని తగాదా. డేవిడ్‌సన్‌కి డాల్ఫిన్ కావాలి. రెండు ఫోల్డర్లు పక్కపక్కనే పెట్టుకుని చూసుకోవచ్చంటాడు. కాలేబుకి థునార్ కావాలి. ముసలి కంప్యూటర్‌ని ఆయాసపెట్టదంటాడు. రెండూ ఉంచుకోవచ్చు. కానీ డిఫాల్ట్ ఒక్కటే ఉంటుంది.

పైన ఓనర్ల వంటింట్లో ఏదో దభీమని పడింది. ఇద్దరూ తలెత్తి పైకప్పు వంక చూశారు. తర్వాత ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"మార్చరా దాన్ని," అన్నాడు డేవిడ్‌సన్.

"మార్చను. ఏం పీకుతావ్?"

డేవిడ్‌సన్ వెళ్ళి కాలేబు కళ్ళజోడు తీసి ఫ్రిజ్ మీద పెట్టాడు. ఇక్కడ కొత్త కళ్ళజోడు చేయించుకోవడం మాటలు కాదు మరి. ఆ తర్వాత మూతి మీద ఒక్కటి గుద్దాడు.

పెదవి చిట్లింది. కాలేబు కీబోర్డు ఎత్తి అవతలివాడి నెత్తిన కొట్టాడు. మీటలు పేలాల్లా ఎగిరాయి. డేవిడ్‌సన్ వాడి జుట్టు పట్టుకుని, పక్క తలుపులోంచి బయటికి ఈడ్చుకొచ్చాడు. ఎముకలు కొరికే చలి. ఇద్దరికీ కోట్లు లేవు, బూట్లు లేవు. డ్రైవ్‌వేలో మంచు మీద పడి దొర్లారు. డేవిడ్‌సన్ మోకాలు తగిలి కాలేబు ముక్కు టక్కుమంది. కాలేబు వాడి చెవి కొరికాడు. మంచు మీద నెత్తురు చుక్కలు పడ్డాయి. "డాల్ఫిన్!" అని ఒకడు, "థునార్!" అని ఒకడు గొంతు చించుకున్నారు. కుక్కని తిప్పుతున్న ఎదురింటి ముసలాయన జేబులోంచి ఫోన్ తీశాడు.

తెలివున్నవాళ్ళు చేసే పనేనా ఇది? స్టూడెంట్లు విమానాల కొద్దీ దిగుతున్న ఏడాది అది. బేస్‌మెంట్‌లో మంచం దొరకడమే గగనం. పైగా వచ్చే నెలలో ఇద్దరూ వర్క్ పర్మిట్‌కి అప్లై చేయాలి. ఇప్పుడు పోలీస్ కేసు పడితే పర్మిట్‌కీ, ఆ తర్వాతి పర్మనెంట్ రెసిడెన్సీకీ కలిపి ఒకేసారి నీళ్ళొదులుకోవాలి. ఆ సంగతి ఇద్దరికీ బాగా తెలుసు. అయినా ఆగలేదు వెధవలు.

సంతోషం అంకుల్ పరుగున బయటికొచ్చాడు. ఆ ఇంటి ఓనరు. భార్య రూపవతితో పై భాగంలో ఉంటాడు. తెలుగు చర్చిలో పెద్ద. పొద్దున ఆరాధనలో వాక్యం చదివింది కూడా ఆయనే.

"ఒరే, బుద్ధుందా? ఎవడన్నా పోలీసుల్ని పిలిస్తే మీ స్టేటస్ ఏమవుద్దిరా? లోపలికి పదండి ముందు!"

ఇద్దర్నీ చెరో చేత్తో విడదీశాడు. పాపం, సొంత పిల్లల కోసం కూడా ఎవరూ అంత కంగారు పడరు.

అప్పటికే పోలీస్ కారు వచ్చేసింది. ఒక ఆడ ఆఫీసరూ, ఒక మగ ఆఫీసరూ దిగారు. అంకుల్ నవ్వు పులుముకుని ఎదురెళ్ళాడు. మంచి పిల్లలనీ, తను సర్దిచెబుతాననీ, కేసులూ అవీ వద్దనీ ఇంగ్లీషులో చెప్పాడు.

"దేనికి కొట్టుకున్నారు?" అని అడిగింది ఆడ ఆఫీసరు.

"ఫైల్ మేనేజర్ కోసం," అన్నాడు కాలేబు, ముక్కు పట్టుకుని.

ఆవిడ మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాడు. మగ ఆఫీసరు నవ్వాపుకోలేక పక్కకి తిరిగాడు.

"చేతులు కలిపి సారీ చెప్పుకోండి. మేం వెళ్ళిపోతాం," అంది ఆవిడ.

"చెప్పండ్రా, చెప్పండి నాయనా!" అంకుల్ బతిమాలాడు.

కాలేబు చెయ్యి చాపాడు. డేవిడ్‌సన్ ఆ చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి, పోలీసుల ముందే కడుపులో తన్నాడు.

కాలేబు పడి, లేచి, తెరిచివున్న పై ఇంటి తలుపులోంచి లోపలికి పరిగెత్తాడు. వాడి వెనక డేవిడ్‌సన్. వాళ్ళ వెనక ఆఫీసర్లు.

"లోపలికొద్దు! మా ఆవిడకి ఒంట్లో బాగాలేదు, పడుకుంది!" అని అంకుల్ అరుస్తూనే ఉన్నాడు.

హాల్లో టీపాయ్ అద్దం పగిలింది. గోడ మీది పటాలు రాలాయి. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు వాటేసుకుని చివరి గది తలుపుకి గుద్దుకున్నారు. అది తెరుచుకోలేదు. మళ్ళీ గుద్దుకున్నారు. బయట పెట్టిన గడియ ఈసారి ఊడొచ్చింది. ఆఫీసర్లు ఇద్దర్నీ గుమ్మంలోనే బోర్లా పడేసి బేడీలు వేశారు.

ఆడ ఆఫీసరు తలెత్తి గదిలోకి చూసింది. వెంటనే రేడియోలో అంబులెన్స్ కావాలంది. మగ ఆఫీసరు బయటికి ఉరికాడు. అక్కడ సంతోషం అంకుల్ చెప్పులైనా లేకుండా కారు తలుపు తీస్తున్నాడు.

మంచం పక్కన రూపవతి ఆంటీ నేల మీద పడివుంది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. రెండో కంటితో కుర్రాళ్ళ బేడీల వంక చూసింది.

"పైనుంచి ఏం వినపడినా పోలీసుల్ని పిలవబోమని బైబిల్ మీద ఒట్టేశారు కదయ్యా," అంది.

"మేం పిలవలేదాంటీ, మేం కొట్టుకున్నామంతే," అన్నాడు డేవిడ్‌సన్.